పార్టీ మాఫీ

మా సారు పోయి నెల కాలేదు. ఆయన ఏ పార్టీవాడన్నది మాత్రం మా గదిలో ఇంకా తేలలేదు. పొద్దున్నే డ్యూటీకి బూట్లు వేసుకుంటూ అదే గొడవ, సాయంత్రం కూర తరుగుతూ అదే గొడవ. నిన్న ఉల్లిపాయలు కోస్తూ మా గదిలో ఉండే గంగారాం, "ఎట్ల జూసినా పెద్దసారు లోపల మనసొంటోడే గదనే" అన్నాడు. నా చేతిలో గరిటె గోడకేసి కొట్టాను. పప్పు గోడంతా చిందింది. అది తుడుచుకున్నదీ నేనే.

ఎవరికో ఒకరికి చెప్పుకుంటే గానీ ఈ కడుపుమంట చల్లారేలా లేదు. అందుకే రాస్తున్నా.

ఆయన అమెరికావాడు. ఖతార్‌లో, అల్ ఖోర్ అనే ఊళ్ళో మా కంపెనీ పనివాళ్ళకి సేఫ్టీ పాఠాలు చెప్పేవాడు. నేను ఆయనకి డ్రైవర్ని. పొద్దున్న ఇంటినుంచి సైటుకి, సైటునుంచి ఇంటికి, సెలవురోజు శుక్రవారం ఎక్కడికంటే అక్కడికి. ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే ఎవడో ఒకడు ఆ పేరు పట్టుకుని వెతికి, మళ్ళీ ఏదో ఒక జెండా తెచ్చి ఆయన మీద కప్పుతాడు. ఇప్పటికే కప్పింది చాలు.

మా పార్టీ పేరు కూడా రాయను. మాది కోనసీమ. మా ఇంట్లో తాత దగ్గర్నుంచి ఒకటే పార్టీ, మా ఆవిడ పుట్టింట్లోనూ అదే. అది చూసే సంబంధం కలుపుకున్నారు. పేరు చెప్పానా, మీలో సగంమంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. మిగతా సగం నన్ను మెచ్చుకుంటారు. ఆ రెండూ నాకొద్దు.

సారు దేవుడేం కాదు, ముందే చెప్తున్నా. కోపిష్టి. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడేవాడు. చెప్పిన జోకే చెప్పేవాడు, నవ్వకపోతే మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాడు. కారెక్కేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరు టైరుకీ కాలితో ఒకటి తన్నేవాడు. రోజూ నేను తుడిచి, గాలి చూసి తెచ్చిన బండి అది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నా మీద నమ్మకం లేదా సార్ అని అడిగేశాను ఒకసారి. "నీ మీద ఉంది, టైరు మీద లేదు" అన్నాడు. వెనక సీట్లో కూర్చున్నది పెద్ద మేనేజరైనా సరే, బెల్టు పెట్టుకునేదాకా బండి కదలనిచ్చేవాడు కాదు.

మాదంతా డ్యూటీ ఇంగ్లీషు. అందులో సగం హిందీ, కాస్త అరబ్బీ. ఆయన ఎలాగోలా అర్థం చేసుకునేవాడు. ఆయన అన్నవన్నీ ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

క్లాసులో ఆయన మొదట నేర్పేది ఒకటే. క్రేన్ నడుస్తుంటుంది, బరువు గాల్లో ఉంటుంది, ఏదో తేడా కనపడింది. అప్పుడు చెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అడ్డంగా ఊపాలి. అంటే ఆపు అని. "ఈ చెయ్యి ఇంజనీరుదే కానక్కర్లేదు, టీ తెచ్చినవాడిదైనా సరే, క్రేన్ ఆగాల్సిందే" అని బల్ల గుద్ది చెప్పేవాడు. మా బామ్మర్ది సత్తిబాబూ, గంగారామూ, మేమందరం ఆ క్లాసులో కూర్చున్నవాళ్ళమే. ఆ చెయ్యి ఆయనకి ఎంత అలవాటైపోయిందంటే, ఫోన్లో ఎవడైనా రాజకీయం ఎత్తితే మాటకి ముందు చెయ్యి లేచేది. అవతలివాడికి కనపడదు కదా సార్ అంటే, "నాకు కనపడుతుందిలే" అనేవాడు.

కార్లో వార్తలు పెట్టేవాడు. వాళ్ళ దేశం ఛానళ్ళు రెండు. ఒకటి కాసేపు వినేవాడు, బూతు మాట ఒకటి అనేవాడు, మార్చేవాడు. రెండోది వినేవాడు, అదే బూతు మళ్ళీ అనేవాడు. ఇద్దరికీ సమానంగా పంచేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, మీరు ఏ పార్టీ సార్ అని.

"నేను ఇండిపెండెంట్" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. మన దగ్గర ఇండిపెండెంట్ అంటే ఏంటి? పోటీలో నిలబడ్డవాడు. పార్టీ టికెట్ ఇవ్వకపోతే అలిగి నామినేషన్ వేసినవాడు, లేకపోతే అవతలి అభ్యర్థి పేరే ఉన్నవాణ్ణి ఎవణ్ణో పట్టుకొచ్చి ఓట్లు చీల్చడానికి నిలబెట్టినవాడు. ఆ సాయంత్రం గదికెళ్ళి, మా సారు అమెరికాలో ఎలక్షన్లో నిలబడ్డాడ్రా అని చెప్పేశాను.

"గుర్తేం ఇచ్చిన్రంటనే?" అన్నాడు గంగారాం. అతనిది నిజామాబాద్ పక్క పల్లె.

"ఏదైతే ఏంటి, డిపాజిట్ దక్కదు" అన్నాడు సత్తిబాబు. "ఆఖర్న రెండ్రోజుల ముందు ఎవడికో అమ్ముడుపోతాడు, చూస్తూ ఉండు బావా."

మర్నాడు టైర్లు తన్నడం అయ్యాక, మీకు ఏ గుర్తు ఇచ్చారు సార్ అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాను. మా దగ్గర ఇండిపెండెంట్లకి మిగిలిపోయిన గుర్తులు ఇస్తారు సార్, కత్తెర, కుట్టుమిషను, ఎయిర్ కూలరు, టెలిఫోను. ఆయన డాష్‌బోర్డు మీద తలపెట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "నాకు ఎయిర్ కూలర్ రాయించు" అన్నాడు. ఆ తర్వాత మా పనివాళ్ళు ఉండే క్యాంపులో ఆయన ఎయిర్ కూలర్ సారు అయిపోయాడు.

నవ్వు అయ్యాక చెప్పాడు. నిలబడటం కాదు, ఓటరుగానే తను ఇండిపెండెంట్ అట. ఏ పార్టీ జాబితాలోనూ పేరు లేనివాడు. అక్కడ అలాంటివాళ్ళు ఏడాదికేడాది ఎక్కువైపోతున్నారట, ముఖ్యంగా కుర్రకారు. నేను నమ్మలేదు. మన దగ్గర అభ్యర్థి ఇండిపెండెంట్ అవుతాడు గానీ ఓటరెక్కడైనా అవుతాడా? పుట్టగానే పేరుతోపాటు పార్టీ కూడా పెట్టేస్తారు మాకు. ఆమాటే అంటే ఆయన తలూపాడు. "మాకూ అంతే" అన్నాడు.

ఇంకో సంగతి చెప్పాడు, అది వింటే నాకే మండింది. అసలు ఎన్నికకి ముందు, పార్టీలు తమ మనిషిని ఎంచుకోడానికి వేరే ఎన్నిక ఉంటుందట. ఆయన రాష్ట్రంలో పార్టీ లేనివాళ్ళని అందులో ఓటు వెయ్యనివ్వరట. "ఆ రెండు పార్టీలవాళ్ళూ తలుపులేసుకుని చెరొకణ్ణి తయారుచేసి బయటికి తెస్తారు. ఇదిగో, ఇష్టం వచ్చినవాణ్ణి ఎంచుకో, నీకు స్వేచ్ఛ ఉంది అంటారు" అని డోరు మీద గుద్దాడు. మరి పన్ను కట్టించుకుంటారా సార్ అన్నాను. "అది మాత్రం తలుపు తీసి తీసుకుంటారు" అన్నాడు.

ఇక్కడ అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. పార్కింగ్ మాఫీ, బస్సు మాఫీ, ఫులూస్ అంటే డబ్బులు, అవీ మాఫీ, రోజంతా ఈ మాటే. సారుకి వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో అదొకటి. ఎవరైనా ఏ పార్టీ అని అడిగితే రెండు చేతులూ తిప్పి "పార్టీ మాఫీ" అనేవాడు. గంగారాం ఒకసారి అది విని, "రుణమాఫీ లెక్క పార్టీ మాఫీనా సార్, బాకీ మొత్తం కొట్టేసిన్రా" అని తెలుగులోనే ఎకసెక్కం ఆడాడు. ఏమంటున్నాడని సారు నన్నడిగాడు. మా దగ్గర అదే మాటకి అప్పు రద్దుచెయ్యడం అని అర్థం సార్ అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "కరెక్టే. అది మా నాన్న చేసిన బాకీ. సగం జీవితం నేను తీర్చాను" అన్నాడు.

ఆ మాటకి అర్థం అల్ రువైస్‌లో తెలిసింది. శుక్రవారాలు చేపలకి అక్కడికి వెళ్ళేవాళ్ళం. పడవలు వచ్చేచోట గట్టుమీద కూర్చునేవాడు, హమూరు చేప కొనేవాడు, దాన్ని వండటం చేతకాక నాకే ఇచ్చేసేవాడు. ఆరోజు వాళ్ళావిడ సంగతి చెప్పాడు. చిన్నప్పుడే నాన్న వెంట పార్టీ కాగితాలు పట్టుకుని గడపగడపకీ తిరిగినవాడట. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ తిరిగారు. ఎదురింటివాడు అవతలి పార్టీ. వాకిట్లో వీళ్ళ బోర్డొకటి, వాడి బోర్డొకటి. ఈయన ఖతార్‌లో ఉండగా ఆవిడకి జబ్బు చేసింది. ఆవిణ్ణి ఆసుపత్రికి తిప్పింది ఆ ఎదురింటివాడే. వాకిట్లో మంచు తవ్వింది వాడే, మందులు తెచ్చింది వాడే.

"ఆవిడ పోయింది. చర్చిలో వాడు నాకంటే ఎక్కువ ఏడ్చాడు" అన్నాడు సారు. "మా పార్టీవాడు ఒకడు నా చెవిలో, వాణ్ణెందుకు రానిచ్చావు అన్నాడు."

ఆయనే మళ్ళీ, "వాడి పార్టీవాళ్ళు కూడా వాణ్ణి తిట్టారు, ఎందుకెళ్ళావని" అన్నాడు. ఆ వారమే వెళ్ళి పార్టీ జాబితాలోంచి పేరు తీయించుకున్నాడట. అంతలోనే అవతలి పార్టీనుంచి ఫోను, మా దగ్గరికి వచ్చెయ్యండి అని. వాళ్ళకి తగిలింది అసలు బూతు.

అప్పుడు మా ఊరి సంగతి నేనూ చెప్పాను. మా పెదనాన్న పోతే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. వాళ్ళది అవతలి పార్టీ. ఆ ఇంటాయనా మా పెదనాన్నా ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళు. తలుపు సందులోంచి చూస్తున్నాడు ఆయన, పాడె లేస్తుంటే. బయటికి రావడానికి మాత్రం కాళ్ళు రాలేదు. రేపు పార్టీవాళ్ళు ఏమంటారో అని భయం. సారు అంతా విని, "ఒక్కడూ చెయ్యి ఎత్తలేదా, ఆపమని?" అన్నాడు. లేదు సార్ అన్నాను.

తిరిగి కారెక్కేముందు అన్నాడు, "నేను పోతే ఇక్కడి మావాళ్ళు రెండు వైపులనుంచీ వస్తారు. మంచిమాటలు చెప్తారు. చెప్పుకోనీ. వీడు మావాడు అని మాత్రం ఎవడూ అనకూడదు. నాకు అదొక్కటే కావాలి." నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాట కాదది. సరే సార్ అన్నాను.

ఆయన ఎందుకలా అన్నాడో తెలియాలంటే ఆయనా ఇక్కడి అమెరికావాళ్ళూ ఉండే కాంపౌండులో ఒక పొద్దున చూడాలి. అమెరికాలో ఓట్లు లెక్కపెడుతున్నారు. మాకిక్కడ టిఫిన్ వేళ. క్లబ్బు హాల్లో పెద్ద టీవీ పెట్టి అమెరికావాళ్ళందరూ చేరారు. కిందటేడుదాకా కలిసి పేకాడుకున్నవాళ్ళు, ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు స్కూల్లో దింపినవాళ్ళు. ఇప్పుడు కిటికీల వైపు ఒకళ్ళు, గోడ వైపు ఒకళ్ళు. సారు ప్లేటు పట్టుకుని కిటికీల వైపు వెళ్ళాడు. మాటలు ఆగిపోయాయి. గోడ వైపు వెళ్ళాడు. అక్కడ ఒకావిడ, శుక్రవారం శుక్రవారం ఈయనకి కేకు పంపే మనిషే, "ఎటూ వెయ్యకపోవడమంటే వాళ్ళకి సాయం చెయ్యడమే" అంది. నేను టీ కప్పులు అందిస్తూ అక్కడే ఉన్నాను. సరిగ్గా ఇదే మాట ఆ ముందు కిటికీల వైపు ఒకాయన అన్నాడు, ఈ వైపు చూపిస్తూ. ఇద్దరి లెక్కలోనూ ఈయన ద్రోహే. అసలు ఓటు వేశాడా, ఎవరికి వేశాడు అని ఒక్కరు అడగలేదు. వేశాడు, రెండు వైపులకీ వేశాడు, ఒక్కో పదవికి ఒక్కో మనిషిని చూసి. నాకు చెప్పాడు కదా.

ఆయన వచ్చి నాపక్కన, టీ బల్ల దగ్గర నిలబడి గుడ్లు తిన్నాడు. ఆ వయసు మనిషి, అన్ని కుర్చీలు ఖాళీగా ఉండగా, నిలబడి. గదికొచ్చి చెప్తే మా సత్తిబాబు ఏమన్నాడో తెలుసా? "మరి గోడ మీద పిల్లిలా ఉంటే అంతే బావా." వాడి మొహం చూడబుద్ధి కాలేదు నాకు ఆ రాత్రి. ఆ మాట కూడా సారుకి చెప్పేశాను, నా నోరు ఆగదు కదా. "ఆ గోడ నేను కట్టింది కాదని చెప్పు వాడికి" అన్నాడు.

ఇలాంటి మనిషి ఒక పొద్దున్న గేటు దగ్గరికి రాలేదు. ఆలస్యం అన్నది తెలియని మనిషి రాకపోతే ఏమై ఉంటుందో నాకు బండిలో కూర్చునే తెలిసిపోయింది. గుండెపోటట, నిద్రలోనే. కంపెనీవాళ్ళు శవాన్ని వాళ్ళ దేశం పంపించేశారు. ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నం అదే క్లబ్బు హాల్లో సంతాపసభ పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ రావచ్చన్నారు. నేనూ సత్తిబాబూ గంగారామూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాం.

వచ్చారు, రెండు వైపులవాళ్ళూ. మళ్ళీ కిటికీల వైపు వాళ్ళు కిటికీల వైపే, గోడ వైపు వాళ్ళు గోడ వైపే. పోయినవాడి సభలో కూడా కుర్చీలు కలపలేని మనుషులు. మొదట కిటికీల వైపునుంచి ఒకాయన లేచాడు. మంచివాడన్నాడు, పని నేర్పాడన్నాడు. బాగానే ఉంది. ఆఖర్న, "పైకి ఏమన్నా, ఆయన మనసు ఎప్పుడూ మనతోనే ఉంది" అన్నాడు. ఆ వైపు తలలన్నీ ఊగాయి. తర్వాత కేకులావిడ లేచింది. ఏడ్చింది కూడా. "ఇంకో ఏడాది ఉంటే మా దగ్గరికి తిరిగొచ్చేసేవాడు, నాకు తెలుసు" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మనిషి బతికుండగా కూర్చోడానికి కుర్చీ ఇవ్వనివాళ్ళు, పోయాక వాటాలు వేసుకుంటున్నారు. లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు నన్ను. సార్ ఏ పార్టీ కాదు, సార్ మీ ఇద్దరివాడూ కాదు, ఆ మాట అనొద్దని నాకు చెప్పాడు, అని నా డ్యూటీ ఇంగ్లీషులో అరిచినంత పని చేశాను. హాలంతా నావైపు తిరిగింది. ఒక్క క్షణం, విన్నారనే అనుకున్నాను. తర్వాత అందరూ కలిసి మెల్లగా చప్పట్లు కొట్టారు. రెండు వైపులవాళ్ళూ. ఆయన డ్రైవరు, పాపం, బాగా దగ్గర, అనుకున్నారు. కేకులావిడ వచ్చి నా చేతిలో టిష్యూ కాగితం పెట్టి భుజం తట్టింది. నా కంట్లో చుక్క నీరు లేదు. ఆ టిష్యూతో ఏం చెయ్యాలో తెలియక జేబులో కుక్కుకున్నాను.

ముగ్గురం బండెక్కాం. సముద్రం పక్కనున్న కార్నిష్ రోడ్డు దాటి క్యాంపు రోడ్డు ఎక్కేదాకా బాగానే ఉంది. అప్పుడు సత్తిబాబు గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళ పార్టీల సంగతి నాకు తెలీదు గానీ బావా, మన దగ్గర పుట్టుంటే మాత్రం సారు మన పార్టీయే. ఆ క్రమశిక్షణ చూశావా?"

"గట్లెట్ల?" అన్నాడు వెనకనుంచి గంగారాం. "సారు కూలోళ్ళ పచ్చం మాట్లాడెటోడు. మా పార్టోళ్ళే గట్ల మాట్లాడ్తరు. సారు మా దిక్కే."

బండి పక్కకి తీసి ఆపాను. ఇండికేటర్ లైట్లు నాలుగూ వేశాను.

"దిగండి" అన్నాను.

"ఏమైందన్నా, టైరా?" అన్నాడు గంగారాం.

"దిగండి. క్యాంపు కనపడతానే ఉంది, నడిచి రండి. ఆ మనిషి నాతో ఒక్కటే ఒకటి అడిగాడు. ఆ హాల్లో నా చేత కాలేదు. ఈ బండిలో మాత్రం ఆయన్ని ఎవడూ మావాడు అనడానికి వీల్లేదు. మన పార్టీ అయినా సరే, మా తాత లేచొచ్చి అన్నా సరే. దిగు సత్తిబాబూ."

నా గొంతు విని గంగారాం గబుక్కున దిగాడు. సత్తిబాబు నావంక ఎగాదిగా చూశాడు. బెల్టు తీశాడు, దిగాడు, తలుపేశాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి కిటికీలోకి వంగాడు. వాడి మొహంలో కోపం లేదు. ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బని తెలిసినప్పుడు ఉండే మొహం అది. గంగారాం వినకుండా గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు బావా. అక్కకి తెలుసా?"

"ఏం తెలియాల్రా?"

"నువ్వు అవతలి పార్టీలోకి వెళ్ళిపోయావని."